బేరమాడని గిరాకి

ఇంగ్లండు గడ్డ మీద నేను చేసిన మొదటి పని బేరం. విమానం దిగి, రైలెక్కి, లండన్‌కు గంట దూరంలో ఉన్న ఒక ఊరు చేరి, హోటలు గదిలో పెట్టె పడేసి, ముఖమైనా కడుక్కోకుండా సందు చివరి దుకాణానికి వెళ్లాను. పాలు, పత్రికలు, సిగరెట్లు, పాత ఫోన్లు, అగరొత్తులు అన్నీ ఒకే చోట అమ్మే కొట్టు. గల్లా వెనక ఒక గుజరాతీ పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆయన్ని చూడగానే ప్రాణం లేచి వచ్చింది. మాది లింగంపల్లి స్టేషన్ దగ్గర స్టీలు సామాన్ల దుకాణం. మా నాయన, చిన్నాయన, మేనమామ అందరూ గల్లా వెనక పెరిగి గల్లా వెనకే ముసలివాళ్లయిన వాళ్లు. అలా కూర్చున్న మనిషి కనబడితే ఏ దేశమైనా నాకు మా వాడకట్టే.

నాకు కావలసింది ప్రీపెయిడ్ ఇంటర్నెట్. ఎందుకు కావాలో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

అది తెలంగాణ ఉద్యమం బాగా వేడి మీద ఉన్న కాలం. మాదాపూర్‌లో ఒక అద్దాల మేడలో సగం అంతస్తు కిరాయికి తీసుకుని నడిచే చిన్న కంపెనీలో పని చేసేవాణ్ణి. ఇంగ్లండులోని ఒక ఇన్సూరెన్సు సంస్థ క్లెయిము కాగితాలను మావాళ్లు ఎనిమిది మంది కంప్యూటర్ల మీద సరిచూసి పంపేవారు. కంపెనీకి అదొక్కటే పెద్ద పని. నా ఉద్యోగం పేరు విజిటింగ్ కార్డు మీద రెండు వరసలు ఉండేది గానీ, నేను చేసేది బేరమే. కుర్చీల బేరం, క్యాబుల బేరం, క్యాంటీనులో ఇడ్లీ బేరం. ఇంట్లో స్టీలు గిన్నెలు తూచి అమ్మితే వచ్చే విద్యనే ఏసీ గదిలో కూర్చుని అమ్ముకునేవాణ్ణి, అంతే తేడా.

బంద్‌ల వార్తలు ఆ సంస్థవాళ్ల చెవిన పడ్డాయి. మీ ఊళ్లో రోడ్లు మూసేస్తే మా పని ఏమవుతుందని అడిగారు. కాంట్రాక్టు నెలాఖరుకు ముగుస్తుంది, మళ్లీ ఇస్తారో ఇవ్వరో తేలలేదు. మా ఓనరు భీమవరం వైపు మనిషి. బంద్ అనే మాట ఆయన నోట వచ్చేది కాదు, "ప్రస్తుత పరిస్థితి" అనేవారు. నన్ను పిలిచి, "మీరు వెళ్లి కూర్చోండి. వచ్చేవారం ప్రస్తుత పరిస్థితి ఉంది కదండీ, సరిగ్గా ఆ రోజే మనవాళ్లు పని చేస్తుంటే లైవ్‌లో చూపించేయండి. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలండీ?" అన్నారు. ఆ సంస్థ తన నెట్‌వర్కు మీద బయటి వీడియో రానివ్వదు. ఇంటర్నెట్ మేమే తెచ్చుకోవాలి. భారతదేశపు సిమ్ మీద రోమింగ్‌లో వీడియో చూపిస్తే ఆ బిల్లుకు లింగంపల్లి దుకాణం రాసివ్వాలి. అందుకని అక్కడి ప్రీపెయిడ్ సిమ్.

కాంట్రాక్టు పోతే ఎనిమిది మందికీ పని పోతుంది. వాళ్లలో నాకు ముందు తలపుకు వచ్చేది ఆ జట్టును నడిపే ఆమె. కరీంనగర్ వైపు పల్లె. భర్త క్యాబ్ నడిపేవాడు, ఆ క్యాబు కూడా మా ఆఫీసుకే తిరిగేది. నానక్‌రామ్‌గూడలో రెండు గదుల కిరాయి ఇల్లు. ఆ ఇంట్లో పొయ్యి వెలగడానికి ఉన్న రెండు దారులూ మా మూడో అంతస్తు నుంచే పోతాయి. ఆమె నన్ను అన్న అనేది, నేను చెల్లె అనేవాణ్ణి. ఆఫీసు నలుగురిలో సార్, మేడం.

బయలుదేరే ముందు ఆమెను ఒప్పించడమే నాకు పెద్ద బేరమైంది.

"అన్నా, గా ఒక్కరోజు నన్ను అడగకు" అంది. "మా వాడకట్టు ఆడోళ్లందరికి నేనే చెప్పిన, చౌరస్తల కూసుందామని. బతుకమ్మ పేర్చుడు గూడ మా ఇంట్లనే."

"నువ్వొస్తేనే కడమోళ్లు వస్తరు చెల్లె."

"అంటే నన్ను కొంటే ఏడుగురు ఫ్రీ అన్నట్టు."

"అట్లనే అనుకో."

"దుకాణపోనివి. నీతోని ఏం మాట్లాడుతం."

చివరకు ఒక షరతు మీద ఒప్పుకుంది. ఇంగ్లండువాళ్లకు చూపించడం కాగానే వదిలిపెట్టాలి, పొద్దు గూకకముందే ఆమె చౌరస్తాలో కూర్చోవాలి. సరేనన్నాను. నిజానికి బంద్ జరగాలని నాకూ ఉండేది. ఊరంతా మూతపడాలి, మా ఒక్క అంతస్తు మాత్రం తెరిచి ఉండాలి. ఇలాంటి కోరిక కోరడానికి దుకాణదారు కడుపున పుట్టి ఉండాలి. బంద్ రోజు ముందువైపు షట్టరు దించి, వెనక తలుపు నుంచి ఉప్పూ పప్పూ అమ్మే ఇళ్లు మా వాడకట్టులో చాలా ఉండేవి. అమ్మినవాళ్లే సాయంత్రం ఊరేగింపులో గొంతు చించుకుని అరిచేవాళ్లు. ఆ అరుపులో అబద్ధమేమీ ఉండేది కాదు.

సరే, గుజరాతీ దుకాణం దగ్గరికి వద్దాం. సిమ్ ఎంత అని అడిగాను హిందీలో. ఉచితం అన్నాడు. అక్కడే నా కాళ్ల కింది నేల కదిలింది. ఉచితంగా ఇచ్చేదాన్ని బేరమాడడం మా వంశంలో ఎవరికీ రాదు. అందులో వేసుకునే టాపప్ చీటీ మీద విలువ అచ్చుగుద్ది ఉంది, అక్కడా నోరు లేవదు. ఇక మిగిలింది ఆ సిమ్ వేసి లాప్‌టాప్‌కు గుచ్చే డాంగిల్. నేను మాదాపూర్ నుంచి తెచ్చుకున్న డాంగిల్‌ను అక్కడి కంపెనీ తన సిమ్ తప్ప మరొకటి తీసుకోకుండా తాళం వేసి అమ్మింది. ఆయన దగ్గర ఒక పాతది ఉంది. ధర చెప్పాడు. నేను అందులో సగం చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. నేను పద్ధతి ప్రకారం తలుపు వైపు నడిచాను.

ఈ నడకకు ఒక శాస్త్రం ఉంది. మరీ నెమ్మదిగా నడిస్తే అవసరం బయటపడుతుంది, మరీ వేగంగా నడిస్తే అమ్మేవాడికి పిలిచే వ్యవధి ఉండదు. నేను చక్కటి నడక నడిచాను. తలుపు దాకా వచ్చాను. పిలుపు లేదు. తలుపు తెరిచి బయట నిలబడ్డాను. వాన మొదలైంది. అద్దంలోంచి చూస్తే ఆయన మరో గిరాకికి పాలసీసా ఇస్తున్నాడు. కాసేపు తడిసి, తలుపు తోసుకుని నా అంతట నేనే లోపలికి వచ్చాను.

"వాన పడుతోంది" అన్నాను.

ఆయన నవ్వాడు. "ఉగాండాలో, కంపాలాలో మా బాపూజీ దుకాణంలో నేనూ చూశాను ఈ నడక" అన్నాడు. "అక్కడ మేమూ పిలిచేవాళ్లం. ఇక్కడ గిరాకి తలుపు దాకా పోతే నిజంగానే పోతాడు, బస్సెక్కి వెళ్లిపోతాడు. పిలిచి పిలిచి మానుకున్నాను. ఇక్కడ ఎవరూ బేరమాడరు బేటా. అడిగిన ధర ఇస్తారు, లేదా కొనరు."

అడిగిన ధరే ఇచ్చాను. ఇచ్చి, పరువు కోసం కొసరు అడిగాను. ఆ మాటకు గుజరాతీలో ఏమంటారో నాకు తెలియదు గానీ చెయ్యి చాపిన తీరు ఆయనకు అర్థమైంది. సొరుగు వెతికి డాంగిల్‌కు తగిలించే పొడవాటి వైరు ఒకటి తీసి ఇచ్చాడు. దాంతో పాటు ఒక హెచ్చరిక కూడా. టాపప్ వేయగానే ఇంటర్నెట్ తెరవకు, ముందు మెసేజి పంపి దాన్ని డేటా ప్యాకుగా మార్చుకో, లేకపోతే చిల్లుపడ్డ గోనెసంచిలా కారిపోతుంది అన్నాడు.

మార్చుకున్నాను. అయినా కారింది. గదికి వచ్చి డాంగిల్ గుచ్చి, లాప్‌టాప్ అలా వదిలి స్నానానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి యాంటీ వైరస్ నన్ను అడగకుండానే తనను తాను కొత్తగా చేసుకుని, ప్యాకులో పెద్ద ముక్కే తినేసి, మీరు ఇప్పుడు సురక్షితంగా ఉన్నారు అని రాసి పెట్టింది. మా చిన్నాయన ఎలుకలకు కాపలాగా పిల్లిని తెచ్చి, దానికి పాలు పోయలేక ఏడ్చిన సంగతి గుర్తుకొచ్చింది. ఆ పూట నుంచి నేను డేటా గల్లా వెనక కూర్చున్నాను. అప్‌డేట్లన్నీ ఆపేశాను. బ్రౌజరులో బొమ్మలు రాకుండా చేశాను. వీడియో చూపించే రోజుకు సరిపడా మిగలాలి కదా.

బొమ్మలు లేకుండా మా ఊరి వార్తలు చదివాను ఆ నాలుగు రోజులూ. ఫొటో ఉండవలసిన చోట ఖాళీ డబ్బా, కింద అక్షరాలు. యూనివర్సిటీ దగ్గర బాష్పవాయువు, ఖాళీ డబ్బా. రైలు పట్టాల మీద వంటావార్పు, ఖాళీ డబ్బా. ఏ పొయ్యి మీద ఏం ఉడుకుతోందో, ఎవరు వడ్డిస్తున్నారో కనబడదు. ఒక జిల్లాలో ఒక యువకుడు ప్రాణం తీసుకున్నాడన్న వార్త వచ్చింది. ఆ డబ్బా మీద నొక్కితే అతని ముఖం వస్తుంది. నొక్కలేదు. డేటా పొదుపు అనుకున్నాను.

భారతదేశపు సిమ్‌ను మాత్రం ఫోనులోనే ఉంచాను, మిస్డ్ కాల్ కోసం. రోమింగ్‌లో ఎత్తితే వచ్చిన కాల్‌కు కూడా మనమే కట్టుకోవాలి, మోగితే మాత్రం ఖర్చు లేదు. మా ఇంట్లో సగం సంసారం మిస్డ్ కాల్స్ మీదే నడిచేది. చెల్లెతో కూడా అదే ఒప్పందం. ఆఫీసు చేరగానే ఒక రింగు. బంద్ రోజు పొద్దున నేను లేచేసరికి ఆ రింగు వచ్చి ఉంది. ఆ పూట అక్కడి హోటలువాళ్లు పెట్టే చప్పటి గుడ్డు కూడా రుచిగా అనిపించింది.

ఆ సంస్థలో నాకు ఇచ్చిన గది గోడలు ఏం పెట్టి కట్టారో, డాంగిల్ దీపం నీలం నుంచి ఆకుపచ్చకు పడిపోయింది. ఆకుపచ్చ అంటే వీడియో నడవదు. కొసరుగా వచ్చిన వైరు తగిలించి, డాంగిల్‌ను కిటికీ బయటికి వేలాడదీశాను. దీపం నీలంగా మారింది. టీ తెచ్చిన అమ్మాయి ఆ వేలాడే వస్తువును చూసి ఏమీ అనకుండా టీ పెట్టి వెళ్లింది.

తెర మీద చెల్లె కనబడింది. వెనక మిగతా ఏడుగురు. నా దగ్గర ఇంకా పొద్దున, వాళ్ల దగ్గర మధ్యాహ్నం.

"ఎట్లొచ్చినవ్ చెల్లె?"

"ఎట్లొస్త. నడిసొచ్చిన. మా ఆయన బండి తీస్తనన్నడు. అద్దాలు పలిగితే నీ అయ్య ఇస్తడా అన్న."

"ఎవరన్న ఆపిన్రా?"

"పోలీసోళ్లు ఆపలె. మనోళ్లే ఆపిన్రు. తెల్లారకముందే బయలెల్లిన గని, వాడకట్టోళ్లు నాకన్న ముందే లేసి పూలు ముందరేసుకొని కూసున్నరు. మా పక్కింటి అవ్వ లేదా, గామె, 'మమ్ముల కూసోబెట్టి నువ్వు డ్యూటీకి పోతున్నవా బిడ్డా, మంచిగుంది' అన్నది. అందరు నవ్విన్రు."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట. నేను గూడ నవ్విన."

అంతలో సంస్థ అధికారి వచ్చాడు. సన్నటి మనిషి, మెత్తటి మాట. కుర్చీ లాక్కుని శ్రద్ధగా చూశాడు. తనకు నచ్చిన క్లెయిము ఒకటి ఎంచి చెప్పాడు. చెల్లె అందులో ఆసుపత్రి తేదీకీ బిల్లు తేదీకీ పొంతన కుదరడం లేదని చూపించింది. ఆయన తల ఊపాడు. రోడ్లు ఎలా ఉన్నాయి అని అడిగాడు. ఆమె కెమెరాను కిటికీకి తిప్పింది. సైబరాబాద్ రోడ్డు అంత వెడల్పుగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. ఒక్క బండి లేదు. దూరంగా పోలీసు బారికేడ్లు, నీడన ఒక కుక్క. ఇది బంద్ అండీ, అయినా మా పని ఆగలేదు అని చెప్పాను. బంద్ ఎంత బాగా జరిగితే నా సరుకుకు అంత మెరుగు. ఆ కాసేపు నా గుండె, నా కడుపు ఒకే వైపు నిలబడ్డాయి. నా జీవితంలో అలా మళ్లీ జరగలేదు.

తెర అవతలికి మా మాట పోకుండా చేసి, ఆయనతో కాంట్రాక్టు మాటలు మొదలుపెట్టాను. కొత్త ధర చెప్పాను. వాళ్లు తగ్గించమంటే తగ్గడానికి వీలుగా మీద కొంత వేసి చెప్పాను. సబబుగానే ఉంది అన్నాడు. షరతులు చెప్పాను. బాగున్నాయి అన్నాడు. ఒక్క పైసా తగ్గించమనలేదు.

మా నాయన గల్లా వెనక నుంచి రోజూ చెప్పే మాట ఒకటి ఉంది. "బేరం చెయ్యని గిరాకి కొనెటోడు కాదురా. వాడు ఇంకోతాన కొని వచ్చిండు, మన ధర ఎంతుందో చూసి పోతడు." ఓనమాల కన్నా ముందు నేర్చుకున్న విద్య అది. ఇంకేం, ఆ క్షణాన లాప్‌టాప్ మూసి లేచి రావలసింది. కానీ నాలుగు రోజుల కిందటే గుజరాతీ పెద్దాయన నాకు కొత్త పాఠం చెప్పి ఉన్నాడు కదా, ఇక్కడ ఎవరూ బేరమాడరని. అదే నిజం అనుకున్నాను. ఇది మర్యాదస్తుల దేశం, అడిగిన ధర ఇచ్చే దేశం అనుకుని, ఇంకొంచెం ఎక్కువ చెప్పవలసింది కదా అని లోలోపల బాధ కూడా పడ్డాను.

ఆయన టీ కప్పు కింద పెట్టి, మీ బృందానికి నా మెప్పు చెప్పండి అన్నాడు. తర్వాత మిగతాది చెప్పాడు. వాళ్ల పనులన్నీ కలిపి మరో నగరంలోని ఒకే పెద్ద కంపెనీకి ఇచ్చేశారు. నేను విమానం ఎక్కకముందే తేలిపోయిందట. మీ ప్రయాణం అప్పటికే ఖాయమైంది, రావద్దనడం మర్యాద కాదనిపించింది అన్నాడు.

"బంద్‌ల వల్లనా?" అని అడిగాను.

కాదన్నాడు. బంద్‌కూ దానికీ సంబంధం లేదు, అన్నీ ఒకేచోట ఉంటే వాళ్లకు సులువు, అంతే. ఆ మాట విన్నాక కూడా నా నోరు ఊరుకోలేదు. ధర తగ్గించాను. ఆయన తల ఊపాడు, కాదని. ఇంకా తగ్గించాను. ఎదుటివాడు నోరు విప్పకుండానే నా సరుకు ధరను నేనే కోసుకుంటూ పోయాను. మా నాయన చూసి ఉంటే గల్లా తాళం చేతులు నా దగ్గర నుంచి లాక్కునేవాడు. సమస్య ధర కాదని ఆయన ఎంతో దయగా చెప్పి, గది సాయంత్రం దాకా వాడుకోండి అని వెళ్లిపోయాడు.

తెర మీద చెల్లె ఇంకా కూర్చునే ఉంది. మాట తెరిచాను.

"ఏమన్నరన్నా?"

"ముందు కడమోళ్లను పంపించు."

ఆమె వెనక్కి తిరిగి ఏదో చెప్పింది. కుర్చీలు జరిగాయి. నవ్వుకుంటూ ఏడుగురూ లేచి పోవడం కనబడింది.

"పని మంచిగ లేదన్నరా?"

"మంచిగుందనే అన్నరు."

"మరి?"

"ముందే వేరేటోళ్లకు ఇచ్చేసిన్రంట."

"ముందే అంటే?"

"నేను రాకముందే."

వీడియో ఆగిపోయిందేమో అనుకున్నాను. దీపం నీలంగానే ఉంది.

"మరి గింత దూరం నిన్ను ఎందుకు పిలిచిన్రు?"

"మర్యాదకు."

"మంచి మర్యాద" అంది. తర్వాత, "మా ఆయన బండి గూడ బందయితదా?"

"నెలాఖరు దాక ఉంటది."

"ఆళ్లకు ఇయ్యాల చెప్పను. రేపు చెప్త. ఇయ్యాల ఇండ్లకు నడిసి పోవాలె."

ఇంకా పొద్దు ఉంది, నేను పోత అని లేచింది. తెర మీద ఖాళీ కుర్చీ కాసేపు ఉండి, అదీ పోయింది. కిటికీ బయట వేలాడుతున్న డాంగిల్‌ను లోపలికి లాక్కున్నాను. ఇంకెవరికీ చూపించేది లేదు గనక, ఆ సాయంత్రం బొమ్మలన్నీ రానిచ్చాను. వార్తల్లో చౌరస్తాల ఫొటోలు ఎన్నో. ఎన్నో బతుకమ్మలు, చుట్టూ ఎందరో ఆడవాళ్లు. ప్రతి ఫొటో పెద్దగా చేసి చూశాను. నాకు తెలిసిన ముఖం ఎందులోనూ లేదు.

తిరిగి వచ్చాక విన్నాను. ఆమె ఆ సాయంత్రం చౌరస్తాకు వెళ్లిందట. ఎవరూ ఏమీ అనలేదట. పక్కింటి అవ్వ కొంచెం జరిగి చోటిచ్చిందట. "ఏమన్న అంటే మంచిగుండు అన్నా. అనకపాయె" అంది.

నెలాఖరుకు మూడో అంతస్తులో సగం ఖాళీ అయింది. ఆమె కోసం, ఆమె భర్త బండి కోసం నాకు తెలిసిన కంపెనీలన్నిట్లో అడిగాను. కుర్చీలు అమ్మేవాళ్లతో, ఇడ్లీలు అమ్మేవాళ్లతో నాకు పరిచయం గానీ, ఉద్యోగాలు ఇచ్చేవాళ్లతో లేదని అప్పుడు తెలిసింది. పరిస్థితి చక్కబడ్డాక చూద్దాం అన్నారందరూ. పరిస్థితి ఎప్పుడు చక్కబడుతుందో వాళ్లకూ తెలియదు.

తర్వాతి బంద్ రోజు నేను నానక్‌రామ్‌గూడకు నడిచి వెళ్లాను. చౌరస్తా నుంచి పాట వినబడుతోంది. ఆమె ఇంటి ముందు గడపలో కూర్చుని మూటలు కడుతోంది.

"పోలేదా చెల్లె?"

"పోలె. డ్యూటీ ఉన్ననాడు రానిది డ్యూటీ పోయినంక వచ్చింది అంటరు."

"ఎవరంటరు?"

"ఎవరనరు. నాకే అనిపిస్తది."

బండిని ఫైనాన్సువాళ్లు తీసుకుపోయారు. మర్నాడు సామానుతో ఊరికి పోతున్నారు. డీసీఎం వ్యాను వాడు బంద్ తెల్లారి గనక ఎక్కువ అడుగుతున్నాడు, నువ్వు మాట్లాడన్నా, నీకు వచ్చిన పని కదా అంది. ఆమె భర్త ఫోను కలిపి ఇచ్చాడు. మాట్లాడాను. అవతలివాడు కూడా మావైపు వాడే, గట్టివాడు. వద్దులే, వేరేవాణ్ణి చూసుకుంటం అని ఫోను పెట్టేశాను. అతనే తిరిగి చేసి, నేను చెప్పిన కిరాయికి ఒప్పుకున్నాడు. పొద్దున్నే వస్తానన్నాడు.

ఆమె వినలేదనుకున్నాను. మూట ముడి వేస్తూనే, "వస్తడంటనా?" అంది.

"వస్తడంట" అన్నాను.